చేతికిందే ఉండి కంటపడనివి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడిగినవాళ్లలో చాలామంది జవాబు విన్నాక అన్న మాట ఒక్కటే: "ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదండీ?" పాస్‌బుక్‌లో ఓ వరస, గ్యాస్ బండ మెడ మీద ఓ అక్షరం, ఫోన్‌లో ఎప్పుడూ నొక్కని మీట. వీటికోసం కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. కొన్నిటికి మనం ఇప్పటికే డబ్బు కట్టేశాం, కొన్నిటిని ప్రభుత్వమే మన పన్నులతో నడుపుతోంది. ఎక్కువమంది అడిగినవి ముందు పెట్టాను, సరదావి చివర.

డబ్బు, కాగితాలు

అమ్మ పాస్‌బుక్‌లో ఏటా మే నెలాఖర్లో 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడుతున్నాయి. బ్యాంకువాళ్లు దేనికి తీసుకుంటున్నారు?

అవి బ్యాంకు ఛార్జీలు కావు, బీమా ప్రీమియంలు. 436 రూపాయలది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన, 20 రూపాయలది ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన. రెండూ 2015లో వచ్చాయి. మొదట్లో 330, 12 రూపాయలు ఉండేవి, 2022 జూన్ నుంచి ఇప్పటి రేట్లు. ఖాతా తెరిచే రోజు పెట్టిన బోలెడు సంతకాల్లో ఒకటి వీటిది అయి ఉంటుంది. అందుకే చాలామందికి గుర్తుండదు.

జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరవచ్చు, 55 దాకా కొనసాగవచ్చు. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప వర్తించదు. సురక్ష 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షిక వైకల్యానికి లక్ష. రెండిటికీ ఏడాది అంటే జూన్ 1 నుంచి మే 31.

చిక్కంతా తర్వాతే. ఇంటి మనిషి పోయాక దినకర్మల హడావుడిలో పాస్‌బుక్ తీసి చూసేవాళ్లు ఉండరు. బ్యాంకు తనంతట తాను పిలిచి ఇవ్వదు, మనం వెళ్లి క్లెయిమ్ ఫారం అడగాలి. నెల లోపు అడిగితే మంచిది. ఆలస్యమైందని మాత్రం ఊరుకోకండి, ఖాతా ఉన్న శాఖకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. పాము కాటు, చెట్టు మీంచి పడటం కూడా సురక్ష లెక్కలో ప్రమాదాలే. ఇలాంటివాటికి పోలీసు కేసు కాగితం లేకపోయినా, వెంటనే తీసుకెళ్లిన ఆసుపత్రి రాసిన రికార్డు ఆధారంగా పనికొస్తుంది. తాళ్లెక్కే గీత కార్మికుల ఇళ్లలో, రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుల ఇళ్లలో మిగతావి తెలియకపోయినా ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. మూడు బ్యాంకుల్లో మూడుసార్లు కోత పడుతున్నా వచ్చేది ఒక్క బీమానే. మిగతా రెండుచోట్లా ఆపమని రాసివ్వండి. అలాగే నామినీ పేరు ఒకసారి చూసుకోండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా అమ్మ పేరో నాన్న పేరో ఉండిపోతుంది.

తాతగారికి ఏదో బ్యాంకులో డిపాజిట్ ఉండేదని అంటుంటారు. కాగితం లేదు, బ్యాంకు పేరూ తెలియదు. వదిలేసుకోవాల్సిందేనా?

వద్దు. పదేళ్లపాటు ఎవరూ కదపని ఖాతాల డబ్బును బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి పంపేస్తాయి. పంపినంత మాత్రాన అది పోయినట్టు కాదు. వారసులు ఎప్పుడైనా అదే బ్యాంకు ద్వారా అడగవచ్చు.

ఏ బ్యాంకో తెలుసుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. మీ మొబైల్ నంబరుతో నమోదు చేసుకుని, తాతగారి పేరు, తెలిసిన ఇంకో వివరం ఇస్తే చాలా బ్యాంకుల్లో ఒకేసారి వెతుకుతుంది. ఇక్కడ మన పేర్లతో తంటా ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, వెంకటేశ్వర్లా వెంకటేశ్వరరావా, ఇంగ్లీషులో రాసేటప్పుడు అక్షరాలెన్ని, ఇలా తిప్పితిప్పి వెతకాలి. దొరికాక మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలతో ఆ బ్యాంకు శాఖకు వెళ్లాలి. డబ్బు పోర్టల్లోంచి రాదు. "మేం ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఏటీఎంలో డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గిపోయింది.

రెండోసారి ప్రయత్నించే ముందు చీటీ దాచుకోండి. లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకే ఆ డబ్బు వెనక్కి వేయాలి. గడువు దాటితే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మనం అడగకుండానే ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ఇది. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు మధ్యలో ఆగిపోతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టింది ఆగిపోతే 5 రోజుల్లో తిరిగి రావాలి. ఆ 100 రూపాయల సంగతి కౌంటర్లో చాలాసార్లు మనమే గుర్తు చేయాల్సి వస్తుంది.

నాన్నగారికి వేలిముద్రలు అరిగిపోయాయి. పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏటా నవంబరులో మిషన్ దగ్గర అవస్థే.

వేలిముద్ర అక్కర్లేదు, ముఖం చాలు. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ పద్ధతి 2014లో మొదలైనప్పుడు వేలిముద్రో కనుపాపో చదివే యంత్రం తప్పనిసరిగా ఉండేది. 2021 నవంబరు నుంచి ఫోన్ కెమెరాతో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. మీ ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేసుకుని ఆయన్ను వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే పడదు. రెప్ప వేయమని అడుగుతుంది, అంతే. మంచంలో ఉన్నవాళ్లయితే పోస్టాఫీసులో చెబితే పోస్టుమాన్ కొద్దిపాటి రుసుముతో ఇంటికే వచ్చి చేసిపెడతాడు. 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు.

ప్రతి సర్టిఫికెట్‌కూ ఆఫీసుకు వెళ్లాల్సిందేనా?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవ మొదలైంది. నంబరు 95523 00009. 161 సేవలతో ప్రారంభించారు, తర్వాత పెంచుకుంటూ పోయారు. తెలుగులోనే నడుస్తుంది. తెలంగాణలో ఇప్పటికీ మీసేవే పెద్ద దిక్కు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో పుట్టిన ఆ కేంద్రాలు విభజన తర్వాత కూడా అదే పేరుతో నిలిచాయి. ఇక బండి కాగితాలు ఇంట్లో మరిచిపోయి టెన్షన్ పడేవాళ్లకు: ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు కాగితంతో సమానం. గ్యాలరీలో దాచుకున్న ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు.

ఇల్లు, రోడ్డు

గ్యాస్ బండ మీద ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె రాసి ఉంటాయి. ఏమిటవి?

బండకు మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు. బండ పైన పట్టుకునే రింగును మోసే పట్టీల లోపలివైపు చూడండి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే చివరి మూడు నెలలు. పక్కన అంకె సంవత్సరం. ‘బి 27’ అని ఉంటే 2027 జూన్ లోపు పరీక్ష జరగాలన్నమాట. గడువు దాటిన బండ ఇంటికొస్తే వెనక్కి పంపండి, మార్చి ఇవ్వడం వాళ్ల పని.

అదే పట్టీ మీద ఖాళీ బండ బరువు కూడా ఉంటుంది, 15, 16 కిలోల చుట్టుపక్కల. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు బండ బరువు. బండ తెచ్చే అబ్బాయి దగ్గర తూకం ఉండాలి, అడిగితే తూచి చూపించాలి. అడగడానికి మొహమాటపడతాం. మూడో అంతస్తుకి భుజం మీద మోసుకొచ్చిన కుర్రాణ్ని తూచమనడానికి నాకూ మనసొప్పదు. ఏజెన్సీకి ఫోన్ చేసి తూకంతో పంపమంటే గొడవే ఉండదు.

చాలామందికి అస్సలు తెలియనిది బీమా సంగతి. ప్రభుత్వ చమురు కంపెనీల గ్యాస్ వాడే ప్రతి ఇంటికీ ప్రమాద బీమా ఉంది, ప్రీమియం కంపెనీలే కడతాయి. గ్యాస్ వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా చనిపోతే మనిషికి 6 లక్షలు. గాయాల వైద్యానికి ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షల దాకా, అందులో మనిషికి 2 లక్షలకు మించకుండా. కనెక్షన్ ఉన్న ఇంటికి జరిగిన నష్టానికి 2 లక్షల వరకు. ప్రమాదం జరిగిన వెంటనే డిస్ట్రిబ్యూటరుకు రాతపూర్వకంగా చెప్పాలి, పోలీసు రిపోర్టు, ఆసుపత్రి బిల్లులు దాచాలి. పైపు, రెగ్యులేటరు ఐఎస్ఐ గుర్తువి కాకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఆ నారింజ రంగు పైపును 5 ఏళ్లకోసారి మార్చాలి. మీ ఇంట్లో పైపు ఎప్పుడు కొన్నారో గుర్తుందా?

గ్యాస్ వాసన వస్తే ముందు ఏం చేయాలి?

స్విచ్ జోలికి వెళ్లకండి. వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామనే ఆలోచన అసలు వద్దు. రెగ్యులేటరు కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. గ్యాస్‌కు నిజానికి వాసన ఉండదు, లీకైతే తెలియడానికి మెర్కాప్టన్ అనే రసాయనం కలుపుతారు. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, నేలంతా పరుచుకుంటుంది. అందుకే పై కిటికీ ఒక్కటి తీస్తే చాలదు, నేల దాకా ఉన్న తలుపు తెరవాలి. బయటికొచ్చాక 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

పెట్రోల్ బంకులో తక్కువ పోస్తున్నారని అనుమానం. నిరూపించేదెలా?

ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అడిగితే అందులో పోసి చూపించాలి. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపరు అడగండి. నాజిల్ కొస తుడిచి ఒక చుక్క వేస్తే, మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో మరక మిగల్చకుండా ఆరిపోవాలి. గాలి, తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె ఉచితంగా ఉండాలన్నది బంకులకు పెట్టిన షరతు. పెట్రోలు కొట్టించుకోకపోయినా మరుగుదొడ్డి వాడుకోవచ్చు. హైవే మీద ఆడవాళ్లతో, పిల్లలతో ప్రయాణించేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. శుభ్రత సంగతి నేను హామీ ఇవ్వలేను.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ఆపాలని ఉంటుంది. కానీ తర్వాత పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిప్పుతారని భయం.

ఆ భయం పాతది, చట్టం మారింది. సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ పెట్టారు. గాయపడినవాళ్లను ఆసుపత్రిలో చేర్చినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వనక్కర్లేదు, సాక్షిగా ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు. ఆసుపత్రి వాళ్లు అడ్వాన్సు మీ చేత కట్టించకూడదు. సాక్ష్యం చెబుతానని మీరే ముందుకొస్తే అది వేరు.

2025 మే నుంచి ఇంకోటి వచ్చింది. వాహనం వల్ల రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స. దీనికి తెల్ల కార్డో గులాబీ కార్డో అక్కర్లేదు. ఆసుపత్రి కౌంటర్లో "ముందు డబ్బు కట్టండి" అన్నప్పుడు ఈ పథకం సంగతి ఎత్తండి.

ఫోన్

ఫోన్ పోయింది. పోలీసులకు చెప్పి ఏం లాభం?

చాలా లాభం ఉంది. కేంద్ర టెలికాం శాఖ 2023లో సంచార్ సాథీ అనే పోర్టల్ తెచ్చాక పరిస్థితి మారింది. ప్రతి ఫోన్‌కూ 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. సంచార్ సాథీలో ఫిర్యాదు చేస్తే ఆ సంఖ్యను దేశంలోని అన్ని నెట్‌వర్కుల్లోనూ ఆపేస్తారు. దొంగ ఏ సిమ్ వేసినా ఫోన్ పలకదు. అందులో ఎవరైనా సిమ్ వేసిన సమాచారం పోలీసులకు చేరుతుంది, దాన్ని పట్టుకునే వాళ్లు వెతుకుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు దొరికిన ఫోన్లను వందల్లో వరసగా పేర్చి సొంతదారులకు ఇస్తున్న ఫొటోలు పేపర్లో చూసే ఉంటారు.

వరస ఇలా: ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాగితం నకలు. తర్వాత అదే నంబరుతో కొత్త సిమ్, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. ఆ తర్వాత సంచార్ సాథీలో ఫిర్యాదు కాగితం, ఫోన్ బిల్లు పెట్టి ఆపమనడం. దొరికాక అక్కడే మళ్లీ తెరిపించుకోవచ్చు. ఫోన్ పోయాక ఐఎంఈఐ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటారు. బిల్లు మీదా, డబ్బా మీదా ఉంటుంది. ఇప్పుడే *#06# నొక్కితే తెర మీద కనిపిస్తుంది. రాసి బియ్యం డబ్బాలో పెట్టినా సరే, ఆ ఫోన్లోనే మాత్రం దాచకండి.

అదే చోట మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడవచ్చు. ఒకరికి 9 దాకా అనుమతి ఉంది. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడికక్కడే ‘నాది కాదు’ అని చెప్పే వీలుంది. మీ ఆధార్ నకలుతో ఎవరో తీసుకున్న సిమ్ మోసాలకు వాడితే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

మోసపోయి డబ్బు పంపేశాం. ఎంతసేపట్లో చెప్పాలి?

ఈ పేజీ చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది. ఇంకా వ్యవస్థలో ఉన్నంతసేపే దాన్ని ఆపగలరు. బ్యాంకుకు సెలవని సోమవారం దాకా ఆగితే చేతికేమీ మిగలదు.

బటన్ ఫోన్లో యూపీఐ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. *99# నొక్కితే ఇంటర్నెట్ లేకుండానే బ్యాలెన్స్ చూడవచ్చు, ఒక్కో విడత 5 వేల దాకా పంపవచ్చు. తెలుగు కూడా ఎంచుకోవచ్చు. 2022లో వచ్చిన యూపీఐ 123పే ఫోన్ కాల్, మిస్డ్ కాల్ లాంటి దారుల్లో నడుస్తుంది, అందులో హద్దు 10 వేలు. ఇంటర్నెట్ సరిగా అందని ఏజెన్సీ ఊళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు కూడా *99# అక్కరకొస్తుంది.

108, 112 రెండూ ఎందుకు?

108 మనది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 112 దేశమంతటికీ ఒకే నంబరు, పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడిటికీ. పక్క రాష్ట్రంలో ఏ నంబరో గుర్తురాకపోతే 112 నొక్కండి. ఫోన్ లాక్ అయి ఉన్నా అత్యవసర కాల్ వెళ్తుంది. అదే లాక్ తెర మీద మీ బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు కనిపించేలా సెట్టింగ్స్‌లో పెట్టుకునే వీలుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫోన్లలో ఈసారి ఊరెళ్లినప్పుడు మీరే పెట్టి రండి.

ఒంటి సంగతులు

విరేచనాలైతే ఓఆర్‌ఎస్ కంటే జ్యూస్ డబ్బా బలం కదా? పిల్లలు కూడా ఇష్టంగా తాగుతారు.

ఇష్టంగా తాగుతారన్నదే అక్కడి ప్రమాదం. ఓఆర్‌ఎస్ బలానికి ఇచ్చే పానీయం కాదు. పేగుల్లో ఉప్పు, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయి, వాటితోపాటు నీటిని లాక్కెళ్తాయి. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. అయితే రెండూ సరైన పాళ్లలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరో రెండు లవణాలు, మొత్తం 20.5 గ్రాములు. చక్కెర మోతాదు మించితే వ్యవహారం తిరగబడుతుంది. అది ఒంట్లోని నీటినే పేగుల్లోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఈ పొడి విలువ పెద్ద ఎత్తున రుజువైంది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా విరుచుకుపడింది. నరానికి ఎక్కించే సెలైన్ చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. నర్సులు కూడా కారు, అమ్మలూ అన్నలూ గ్లాసులతో పోసి కాపాడుకున్నారు. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక మన హైదరాబాద్ సంగతి. మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పెద్దగా వేసుకుని రంగురంగుల తీపి పానీయాల డబ్బాలు ఏళ్లపాటు అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర మోతాదు మించి, ఉప్పు చాలీచాలకుండా ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అసలైన సూత్రం కాని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూడండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

ప్యాకెట్ లేకపోతే: కాచి చల్లార్చిన లీటరు నీటిలో అంచుకు సమంగా కొలిచిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. గుప్పెడు, చిటికెడు లెక్కలు వద్దు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. పిల్లలకు దీంతోపాటు జింకు మాత్ర 14 రోజులు ఇస్తారు, విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపకూడదు. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో సోడియం తక్కువ, ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు. మూత్రం ఆగిపోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, ఆసుపత్రికి పరిగెత్తండి.

కుక్క కరిస్తే ఇప్పటికీ బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లేనా?

ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో నాలుగుసార్లు వెళ్లాలి: మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కిస్తారు), ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజు. చర్మం చీలి రక్తం వస్తే మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా వేయాలి. అది వేశారో లేదో అడగండి.

ఆసుపత్రికి బయల్దేరే ముందు చేయాల్సింది కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. గడియారం చూసి కడగండి, మనకు తోచిన పదిహేను నిమిషాలు మూడు నిమిషాలకే అయిపోతాయి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. పెంపుడు కుక్కే కదా, కుక్కపిల్లే కదా అని ఊరుకోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దాదాపుగా దక్కడు.

ఇంట్లో బీపీ ఒకటి, ఆసుపత్రిలో ఇంకోటి చూపిస్తోంది. మిషన్ పాడైందా?

మిషన్ కంటే మనం కూర్చున్న తీరే ఎక్కువ తేడా తెస్తుంది. కాలు మీద కాలు వేసినా, వీపుకు ఆనిక లేకపోయినా, చొక్కా చేతి మీంచే పట్టీ చుట్టినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. చూస్తుండగా మాట్లాడినా పెరుగుతుంది. మన ఆసుపత్రుల్లో నర్సు పట్టీ చుడుతూనే "ఏ ఊరమ్మా మీది?" అని పలకరిస్తుంది, ప్రేమే, కానీ ఆ అంకెలో ఆ కబుర్లు కూడా ఉంటాయి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, ఇలా వారం పాటు రాసిపెట్టండి. డాక్టరుకు ఒక్క అంకె కంటే ఆ వారం రోజుల కాగితం పనికొస్తుంది. మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి.

ఆకుకూరలు రోజూ తింటున్నా రక్తం పెరగడం లేదు.

తిన్న వెంటనే టీ తాగుతున్నారేమో చూడండి. టీ, కాఫీల్లోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దని చెప్పింది. పాలకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే, పక్కన జామకాయ ముక్క తింటే విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడుతుంది. అయినా హిమోగ్లోబిన్ తక్కువే ఉంటే కారణం వేరే ఉండవచ్చు, పరీక్ష చేయించండి. తెలంగాణలో బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ (టీ డయాగ్నస్టిక్స్) కేంద్రంలో ఉచితంగా పరీక్షించి ఫలితాన్ని ఫోన్‌కు పంపుతారు. ఇది 2018లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించింది.

మా వీధి శుభ్రంగానే ఉంటుంది. డెంగీ ఎలా వచ్చింది?

డెంగీ దోమకు మురుగు కాలువ కంటే మీ ఇంటి మంచి నీళ్లే ఇష్టం. ఫ్రిజ్ వెనక కింది భాగంలో నీరు చేరే ట్రే ఉంటుంది, అది ఉందనే చాలా ఇళ్లలో తెలియదు. ఓసారి ఫ్రిజ్ జరిపి చూడండి. కూలరు, మనీప్లాంట్ సీసా, డాబా మీద పాత టైరు కూడా అంతే. గుడ్లు నీళ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే వారానికోసారి పారబోయడంతో సరిపెట్టకుండా గోడలు తోమాలి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది ఇదే. ఈ దోమ పగటిపూట కుడుతుంది, రాత్రి దోమతెర దీనికి చాలదు.

మలేరియా దోమ వేరు. దాని గుట్టు మన దగ్గరే బయటపడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది.

రాత్రి రెండింటికి మనసు బాగోలేకపోతే ఎవరితో మాట్లాడాలి?

14416. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లవాడైనా, నిద్ర పట్టని బాలింతైనా, అప్పుల దిగులున్న రైతైనా చేయవచ్చు. ‘పిచ్చి ఉన్నవాళ్లకే’ అనుకునేవాళ్ల మాట పట్టించుకోకండి.

సరదాకి

టీవీ రిమోట్ పాడైందా, బ్యాటరీ అయిపోయిందా? కొనేముందు తెలుసుకునే దారి ఉందా?

ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ కొసను దానివైపు పెట్టి ఏదైనా మీట నొక్కండి. తెర మీద ఊదా రంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది, గొడవ టీవీలో. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కెమెరా పట్టుకుంటుంది. వెనక కెమెరాల్లో చాలావాటికి ఆ కాంతిని ఆపే ఫిల్టరు ఉంటుంది కాబట్టి ముందు కెమెరాతోనే చూడండి. వెలుగు రాకపోతే బ్యాటరీలు మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే రిమోట్ పోయినట్టే. బ్లూటూత్‌తో నడిచే కొత్త రిమోట్లకు ఈ చిట్కా పనిచేయదు.